శాలువాతో పాటు సగం హౌసీ టికెట్టు: విశ్రాంత ఉద్యోగుల సంఘాలకు బహిరంగ లేఖ

రెండు తెలుగు రాష్ట్రాల్లోని విశ్రాంత ఉద్యోగుల సంఘాల అధ్యక్షులకు, కార్యదర్శులకు, కార్యవర్గ సభ్యులకు నమస్కారం.

మీ భవనాల్లో జరిగే పని విలువ మాకు తెలుసు. డీఆర్ (కరువు భృతి) బకాయిలు, పీఆర్‌సీ (వేతన సవరణ), వైద్య బిల్లులు, కుటుంబ పింఛను కాగితాలు, ఏటా జీవన ధ్రువీకరణ పత్రాలు. వీటి కోసం మీరు ట్రెజరీల చుట్టూ తిరగకపోతే ఎంతోమందికి రావలసింది రాదు. పింఛను దయాదాక్షిణ్యం కాదు, హక్కు అని 1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పిన రోజును ఏటా పెన్షనర్ల దినోత్సవంగా జరుపుతున్నదీ మీరే. పింఛను ఒకటో తారీఖున పడుతుంది. ఈ లేఖ నెలలో మిగిలిన రోజుల గురించి.

తెలంగాణలో 61 ఏళ్లకు, ఆంధ్రప్రదేశ్‌లో 62 ఏళ్లకు ఉద్యోగం దిగుతున్నారు. నెలాఖరు రోజున సన్మానం, శాలువా, దండ, గ్రూపు ఫొటో. ఒకట్రెండు రోజుల్లో ఆఫీసు వాట్సాప్ గ్రూపులోంచి పేరు పోతుంది. అది అధికారిక గ్రూపు కాబట్టి తీస్తారు, అందులో ఎవరి కక్షా లేదు. కానీ రోజంతా మోగిన ఫోను అక్కడితో ఆగిపోతుంది. మొదటి నెల తిరుమల, కాశీ, కూతురి ఇల్లు, ఎప్పటి నుంచో వాయిదా పడ్డ కంటి ఆపరేషను, వీటితో గడిచిపోతుంది. ఇల్లు నిశ్శబ్దంగా అనిపించేది రెండో నెలలో, మూడో నెలలో. ఆ మనిషి మీ గుమ్మం తొక్కేది మాత్రం చాలాసార్లు జీవన ధ్రువీకరణ పత్రం కోసమే. అప్పటికి ఎన్నో నెలలు దాటిపోయి ఉంటాయి.

ఈ మధ్యకాలానికి చాలా భవనాల్లో ఉన్నవి దినపత్రికలు, ఒక క్యారమ్ బోర్డు, గోడకు ఒక టీవీ. కొన్నిచోట్ల ట్యాబులు కూడా కొన్నారు. మా అభ్యర్థన ఏమిటంటే, ఎవరి తెరలో వాళ్లు తల దూర్చే ఆట కాకుండా, ఇద్దరు నోరు విప్పి మాట్లాడుకుంటే తప్ప ముందుకు సాగని ఆట పెట్టండి. అలాంటివి రెండు కింద వివరంగా రాస్తున్నాం. ఒకటి భవనానికి వచ్చేవారికి, రెండోది రాలేనివారికి.

మొదటిది క్విజ్ బజర్ పెట్టె. ఆరు బల్లలు, బల్లకు నలుగురు, ప్రతి బల్ల మధ్యలో ఒక్క పెద్ద బటన్. ముందు నొక్కిన బల్ల దీపం వెలుగుతుంది, మిగతా ఐదు బటన్లు ఆగిపోతాయి. ఫోను యాప్‌తోనూ ఇది చేయవచ్చు. అయితే ఫోను చేతిలో ఉంటే తల కిందికి వంగుతుంది. బటన్ ఒక్కటే అయితే నలుగురూ దాని మీదికి వంగి, ‘నొక్కుదామా, ఖాయమేనా’ అని గుసగుసలాడుకోవాలి. మనకు కావలసింది ఆ గుసగుసే.

సామాను ఇది. ఆర్డ్యూనో ఉనో (మనం రాసిన ప్రోగ్రాం నడిపే చిన్న సర్క్యూట్ బోర్డు) ఒకటి, నకలు బోర్డు అయినా చాలు. 60 మిల్లీమీటర్ల గుమ్మటం బటన్లు ఆరు, లోపల లైటు ఉన్నవి. మూడు కోర్ల ఫ్లెక్సిబుల్ వైరు బల్లకు 4 మీటర్ల చొప్పున 24 మీటర్లు. 1 కిలో ఓమ్ రెసిస్టర్లు ఆరు. రీసెట్ కోసం చిన్న బటన్ ఒకటి. పామ్ 8403 యాంప్లిఫైయర్ బోర్డు, 3 వాట్ల స్పీకరు, శబ్దం తగ్గించుకోవడానికి 10 కిలో ఓమ్ ప్రీసెట్ (తిప్పి సరిచేసుకునే రెసిస్టరు). వైర్లన్నీ చేరే పీవీసీ జంక్షన్ బాక్సు. ప్రతి బటన్ కిందా ఆరంగుళాల చదరపు ప్లైవుడ్ ముక్క, దాని అడుగున నాలుగు రబ్బరు బుష్‌లు. అన్నీ కలిపి సుమారు మూడు వేల రూపాయలు అవుతుంది. బటన్లు ఆరు రంగుల్లో దొరక్కపోతే బాధలేదు, పక్కన బల్ల నంబరు పెద్దగా రాసి అంటించండి.

బోర్డు మీద 2 నుంచి 7 వరకు పిన్నులు బటన్లకు, 8 నుంచి 13 వరకు దీపాలకు, ఏ0 రీసెట్‌కు, ఏ1 శబ్దానికి. మూడు కోర్లలో ఒకటి గ్రౌండు, ఒకటి బటన్, ఒకటి దీపం. ప్రోగ్రాం యాభై అరవై వరుసలు దాటదు. ఆరు పిన్నులనూ వరసగా చూస్తూ ఉండటం, ఒకటి నొక్కుడు పడగానే 20 మిల్లీసెకన్లు ఆగి మళ్లీ చూడటం, అప్పటికీ నొక్కే ఉంటే ఆ దీపం వెలిగించి మిగతావాటిని రీసెట్ దాకా పట్టించుకోకపోవడం, అంతే.

పెట్టె కట్టడం కష్టం కాదు. తేడా వచ్చేది చిన్నచిన్న చోట్ల. బజారులో దొరికే గుమ్మటం బటన్లలో చాలావాటికి 12 వోల్టుల లైటు ఉంటుంది. బోర్డు ఇచ్చే 5 వోల్టులకు అది మిణుకుమిణుకుమంటుంది, పగటి వెలుతురులో కనబడదు. 5 వోల్టులది, రెసిస్టరు లోపలే ఉన్నది అని అడిగి తీసుకోండి. ఇంకొకటి, ఎవరూ ముట్టుకోకుండానే ‘నాలుగో బల్ల’ వెలగడం. బోర్డులోనే ఉండే పుల్-అప్ (బటన్ నొక్కనప్పుడు పిన్నును 5 వోల్టుల వద్ద నిలిపే రెసిస్టరు) 20 నుంచి 50 కిలో ఓమ్‌ల దాకా ఉంటుంది, అంటే బలహీనమైనది. నాలుగు మీటర్ల వైరు ఏరియల్‌లా పనిచేసి ఫ్యాను రెగ్యులేటరు, ట్యూబులైటు చోక్ వేసే చికాకునంతా లాక్కుంటుంది. ఆరు పిన్నులకూ 5 వోల్టుల వైపు బయటి నుంచి 1 కిలో ఓమ్ పెట్టమన్నది అందుకే. 9 వోల్టుల బ్యాటరీతో నడపొద్దు, రెండు మూడు వారాలకే చల్లబడుతుంది. పవర్ బ్యాంకుతోనూ చిక్కే. పెట్టె లాగే కరెంటు మరీ తక్కువ కాబట్టి, ఏమీ తగిలించలేదనుకుని కొన్ని పవర్ బ్యాంకులు ఆట మధ్యలో వాటంతట అవే ఆగిపోతాయి. మామూలు ఫోను ఛార్జరు మేలు.

శబ్దం గురించి ప్రత్యేకంగా చెప్పాలి. చౌకగా దొరికే పీజో బజర్లు 2,000 హెర్ట్జ్ పైన కీచుమంటాయి. వయసుతో వినికిడి తగ్గేటప్పుడు ముందు పోయేవి ఆ పైస్థాయి శబ్దాలే. గదిలో సగంమందికి చెవులు దిమ్మెక్కుతాయి, మిగతా సగంమందికి మోగిందన్న సంగతే తెలియదు. స్పీకరుతో 500, 600 హెర్ట్జ్ దగ్గర బొంగురు శబ్దం పెడితే అందరికీ అందుతుంది. ఎవరికి వినబడలేదో వాళ్లు ఆ విషయం పైకి చెప్పరు. మెల్లగా రావడం మానేస్తారు.

వైరు నేల మీద పడి ఉండకూడదు. ఈ వయసులో కాలికి తగిలి పడితే తుంటి ఎముక దాకా వెళ్లొచ్చు. బల్లలన్నీ గుర్రపునాడా ఆకారంలో కలిపి వేసి, వైర్లను బల్లల లోపలి అంచు కిందుగా తెచ్చి పెట్టెకు కలపండి. పెట్టె లోపల ప్రతి వైరుకూ ఒక కేబుల్ టై బిగించండి, లేకపోతే ఎవరో కుర్చీ జరిపినప్పుడు టంకం ఊడివస్తుంది.

ఈ పెట్టెను బయట కట్టించి తేవొద్దని మా మనవి. మీ ఊళ్లో విద్యుత్ శాఖలో, బీఎస్ఎన్ఎల్‌లో, ఆర్టీసీ డిపో గ్యారేజీలో పనిచేసి కొత్తగా దిగినవారు తప్పకుండా ఉంటారు. ప్రోగ్రాం వరకు దగ్గరి పాలిటెక్నిక్ కుర్రాళ్లను అడగండి. టంకం, వైరింగు, ప్లైవుడ్డు పని ఐదుగురు కూర్చుంటే రెండు మధ్యాహ్నాల్లో అయిపోతుంది. సభకు రమ్మని పిలిస్తే ‘చూద్దాంలెండి’ అనే మనిషి, ‘ఈ టంకం మీరే పెట్టాలి’ అంటే వస్తాడు. నిన్నటిదాకా తన సంతకం లేకుండా పని జరగని మనిషి అతను. అతనికి కావలసింది కాలక్షేపం కాదు, తాను లేకపోతే ఆగిపోయే పని.

ప్రశ్నలు కూడా అంతే. పుస్తకాల్లోంచి ఎత్తి రాసే జనరల్ నాలెడ్జి వద్దు. కొత్తగా దిగిన ప్రతి ఒక్కరూ తమ శాఖ నుంచి ఐదు ప్రశ్నలు తేవాలి, బయటివాళ్లు కూడా ఊహించగలిగేవి. రెవెన్యూవారు ఎకరాకు ఎన్ని గుంటలని అడిగితే తెలంగాణ పక్క బల్ల 40 అని నొక్కేస్తుంది. గుంటకు ఎన్ని సెంట్లంటే మాత్రం రెండు ప్రాంతాలవాళ్లూ కలిసి లెక్క కట్టాలి, రెండున్నర. తంతి సేవ ఏ ఏడాదిలో ఆగిందని తపాలావారు అడిగితే 2013 అని చెప్పేలోపు గదిలో నాలుగు టెలిగ్రాముల కథలు బయటికి వస్తాయి. రానివ్వండి. రెండు గంటల్లో పాతిక ప్రశ్నలు చాలు. నలభై పెట్టుకుంటే క్విజ్ మాస్టరు కథలను మధ్యలో తుంచేయాల్సి వస్తుంది.

ప్రశ్న పూర్తికాకముందే నొక్కేవాళ్లు ఉంటారు, దాని మీద మాటామాటా పెరుగుతుంది. రీసెట్ కొట్టేదాకా బటన్లు పనిచేయకుండా ప్రోగ్రాంలో పెట్టి, ప్రశ్న రెండుసార్లు చదివాకే క్విజ్ మాస్టరు రీసెట్ కొడితే ఆ తగువే ఉండదు. బల్లకు ఒకే శాఖవాళ్లు ఇద్దరు కూర్చోకూడదు. కూర్చుంటే పాత అధికారి అధికారిగానే ఉంటారు, పాత అటెండరు ఆయన కోసం నీళ్లు తేవడానికి లేస్తారు. పేరు అట్టల మీద హోదా రాయొద్దు. పేరు, ఊరు చాలు. అందరూ అందరికీ ‘గారు’. బటన్ నొక్కే వంతు ప్రతి ఐదు ప్రశ్నలకూ పక్కవారికి మారాలి.

వేళ గురించి ఒక మాట. సాయంత్రం ఐదు గంటలకు పెడితే మగవాళ్లే వస్తారు. టీచర్లుగా, నర్సులుగా, అంగన్‌వాడీ సూపర్‌వైజర్లుగా దిగిన ఆడవాళ్లకు అది మనవలు బడి నుంచి వచ్చే వేళ, వంట వేళ. ఉదయం 11 నుంచి 1 దాకా పెట్టండి. బాత్రూమ్ తలుపుకు లోపల గడియ పనిచేస్తుందో లేదో ఆ వారమే చూడండి. సగం హాజరు దాని మీదే ఆధారపడి ఉంటుంది.

రెండోది నెల హౌసీ, అంటే నెలంతా సాగే తంబోలా. ఇది ఊరు మారినవాళ్ల కోసం. పిల్లల దగ్గరికి హైదరాబాద్, బెంగళూరు వెళ్లినవాళ్లు, ఆరు నెలలు అమెరికాలో ఉండేవాళ్లు, మోకాళ్లతో మెట్లు ఎక్కలేనివాళ్లు ఇందులో ఆడవచ్చు.

మామూలు హౌసీ టికెట్టు అందరికీ తెలుసు. మూడు వరసలు, తొమ్మిది నిలువు గళ్లు, వరసకు ఐదు చొప్పున 15 అంకెలు, 1 నుంచి 90 దాకా. ఇక్కడ మార్పు ఒక్కటే, ఒక టికెట్టును ఇద్దరికి పంచాలి. ఒకరికి 8 అంకెలు, ఇంకొకరికి 7. పై వరస ఒకరికి, కింది వరస ఒకరికి అని పంచొద్దు. మొదటి వరసలో మూడు ఒకరివి, రెండు మరొకరివి, రెండో వరసలో రెండు, మూడు, మూడో వరసలో మళ్లీ మూడు, రెండు. అప్పుడు ఏ వరస నిండిందో తెలియాలన్నా ఇద్దరూ ఫోనులో మాట్లాడుకోవాల్సిందే. రోజూ ఉదయం 7 గంటలకు ఆట కోసం పెట్టిన వాట్సాప్ గ్రూపులో మూడు అంకెలు పడతాయి. 90 అంకెలు, 30 రోజులు. గ్రూపును నిర్వాహకులు మాత్రమే రాసేలా పెట్టండి, గుడ్ మార్నింగ్ బొమ్మలు, ఫార్వర్డులు వాటంతట అవే ఆగిపోతాయి. నలభైమంది అంటే ఇరవై టికెట్లు ఉన్నచోట ఫాస్ట్ ఫైవ్ (అందరికంటే ముందు ఏవైనా ఐదు అంకెలు) ఐదో రోజుకు అటూఇటూగా పడుతుంది, పూర్తి హౌసీ (15 అంకెలూ) సాధారణంగా నాలుగో వారం దాకా రాదు. కాబట్టి ఆసక్తి నెలంతా నిలుస్తుంది.

అంకెలను ఒట్టి అంకెలుగా పంపొద్దు. 27 అయితే నక్షత్రాలు, 64 అయితే కళలు, 60 అయితే ప్రభవ నుంచి అక్షయ దాకా, 7 అయితే తిరుమల కొండలు. 58 పడిన రోజు మీరేమీ రాయనక్కర్లేదు. రెండు రాష్ట్రాల్లోనూ ఒకప్పుడు అది రిటైర్మెంటు వయసు, ఆ రోజు ఫోన్లలో మాటలకు కొదవ ఉండదు. వచ్చే నెల అంకెల గుర్తులు రాసే పని ఆ నెల దిగిన ఒకరికి అప్పగించండి.

జత కట్టడంలోనే అసలు పని ఉంది. కొత్తగా దిగినవారికి, దిగి రెండు మూడేళ్లయినవారిని జత చేయండి. ఇద్దరూ కొత్తవాళ్లయితే నెలంతా పింఛను కాగితాల బెంగే మాట్లాడుకుంటారు. మగవారికి మగవారిని, ఆడవారికి ఆడవారిని అన్నది వాళ్ల ఇష్టాన్ని బట్టి, అడిగి చేయండి. అమెరికాలో ఉన్నవారి జత వేళ ముందే అనుకోవాలి. ఇక్కడ రాత్రి ఎనిమిదిన్నర అయితే డాలస్‌లో వేసవిలో ఉదయం 10, చలికాలంలో 9. ప్రతి నెలా జతలు మారాలి. పది నెలలు ఆడినవారికి ఊళ్లో పదిమంది కొత్తగా పేరు పెట్టి పలకరించేవాళ్లు ఉంటారు.

ఇది చెడేది ఒకే విధంగా. రెండో రోజుకే ఒకరు తమ సగం టికెట్టును ఫొటో తీసి రెండోవారికి పంపేస్తారు. ఇక ఫోను అవసరం ఉండదు, ఆట బతికినా పని చచ్చిపోతుంది. అందుకని గెలుపు చెప్పేటప్పుడు ఇద్దరూ ఒకే కాల్‌లో ఉండి, ఎవరి సగంలోని అంకెలు వాళ్లే నోటితో చదవాలన్న నియమం పెట్టండి. వినికిడి బాగా తగ్గినవారికి నడిచి వెళ్లగలిగేంత దూరంలో ఉన్న జతను ఇవ్వండి. మూడు రోజులు జతతో మాట్లాడనివారి పేరు గ్రూపులో వేయకుండా, నిర్వాహకులు విడిగా ఫోను చేయాలి. జ్వరమో, ఆస్పత్రో, మనసు బాగోలేదో అప్పుడు తెలుస్తుంది. రెండోసారీ ఎత్తకపోతే ఇంటికి వెళ్లండి. ఇల్లు మరీ దూరమైతే వృద్ధుల జాతీయ సహాయ నంబరు 14567 ఉంది.

డబ్బు పెట్టొద్దు. టికెట్టుకు పది రూపాయలే కదా అనొద్దు. హౌసీ అదృష్టపు ఆట. పందెం సొమ్ముతో ఆడితే రెండు రాష్ట్రాల గేమింగ్ చట్టాలూ వర్తించే ప్రమాదం ఉంది, డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలను 2025 కేంద్ర చట్టం నైపుణ్యం, అదృష్టం అన్న తేడా లేకుండా నిషేధించింది. బహుమతి కావాలంటే ఎవరో దాత ఇచ్చిన అరకిలో కాఫీ పొడి, అది కూడా జతలో ఇద్దరూ పంచుకునేలా. ఆన్‌లైన్ రమ్మీ మాట భవనంలో వినిపిస్తే మెత్తగా వదిలేయకండి. గ్రాట్యుటీ, కమ్యుటేషన్ (పింఛనులో కొంత ముందే ఏకమొత్తంగా తీసుకునే సొమ్ము), జీపీఎఫ్ (భవిష్య నిధి) అన్నీ ఒకేసారి చేతికి వచ్చిన నెలలవి.

ఇదే కారణంతో మోసగాళ్లు కూడా సరిగ్గా కొత్తవాళ్లనే వెతుకుతారు. పేరు, ఫోను నంబరు, దిగిన తేదీ ఉన్న జాబితాను పీడీఎఫ్ చేసి గ్రూపుల్లో పంచే అలవాటు ఉంటే ఈరోజే మానండి. గ్రూపులో చేరేవారిని నిర్వాహకులు ఆమోదించాకే చేర్చే సెట్టింగు ఆన్ చేయండి. ‘ఈ గ్రూపు నుంచి ఎవరూ ఓటీపీ అడగరు, బహుమతి కోసం లింకు పంపరు’ అన్న వాక్యాన్ని గ్రూపు వివరణలో రాయండి, డబ్బు పోతే వెంటనే చేయాల్సిన 1930 నంబరును దాని పక్కనే పెట్టండి.

టీవీ ముందు చెయ్యి ఊపితే బౌలింగ్ ఆడే గేమ్ కన్సోళ్ల గురించి చాలామంది అడుగుతున్నారు. బాగుంటాయి. అమెరికాలో వృద్ధుల వసతి గృహాల్లో 2006 నాటి వీ స్పోర్ట్స్ అనే వీడియో గేమ్‌లోని బౌలింగుతో లీగ్ పోటీలే నడిచాయి. కానీ ఖరీదు ఎక్కువ, కంట్రోలరు పాడైతే జిల్లా కేంద్రంలో బాగుచేసేవారు దొరకరు. మీ దగ్గర ముప్పై వేలు ఉంటే కన్సోలు కంటే ముందు మైకు సెట్టు, ఆరు గట్టి బల్లలు, చేతులు ఆనించుకునే కుర్చీలు కొనండి. చదరంగం ఇష్టమున్నవారికి లిచెస్ అనే వెబ్‌సైటు ఉచితం, ప్రకటనలు ఉండవు. ఊరు దాటిన స్నేహితుడితో రోజుకు ఒక ఎత్తు చొప్పున ఆడుకోవచ్చు.

ఇక తేదీ. బడిలో చేర్చేటప్పుడు వేసిన పుట్టినరోజుల వల్ల మన దగ్గర జూన్, జూలై పుట్టినరోజులు చాలా ఎక్కువ. జూలై 1 పుట్టినతేదీ ఉన్నవారు నిబంధన ప్రకారం జూన్ 30నే దిగుతారు. కాబట్టి జూన్ ఆఖరు రోజు మీ జిల్లాలో సన్మానాలు గుత్తులుగా జరుగుతాయి. ఆ జాబితా మీకు నెలల ముందే తెలుస్తుంది, పింఛను కాగితాలకు మిమ్మల్నే అడుగుతారు కనుక. ఏప్రిల్‌లో సామాను తెప్పించండి. మే నెలలో పెట్టె కట్టించి, పాత సభ్యులతో రెండుసార్లు ఆడి చూడండి. జూన్ 30న ప్రతి సన్మాన సభకూ మీ ప్రతినిధి ఒకరు వెళ్లి, శాలువా కప్పాక ఒక కవరు చేతికివ్వాలి. అందులో సగం హౌసీ టికెట్టు, మిగతా సగం ఎవరి దగ్గర ఉందో వారి పేరు, ఫోను నంబరు, ‘మీ శాఖ నుంచి ఐదు ప్రశ్నలు రెండో బుధవారానికి’ అని చేతిరాతతో ఒక చీటీ. నంబరు ఇచ్చేముందు ఆ రెండోవారి అనుమతి తీసుకోండి. ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో ఆ కవర్లు అందుకున్నవారిలో ఎవరు రాలేదో చూసి, వాళ్లకు మాత్రమే మళ్లీ ఫోను చేయండి.

బజర్ వైరింగు బొమ్మ, ప్రోగ్రాం, పెద్ద అక్షరాల్లో అచ్చుకు సిద్ధంగా ఉన్న ఇరవై జతల టికెట్లు ఉచితంగా ఇస్తాం. పెట్టె మొదటిసారి కట్టే రెండు మధ్యాహ్నాలూ మాలో ఒకరు వచ్చి పక్కన కూర్చుంటారు. మీ తదుపరి కార్యవర్గ సమావేశం ఎజెండాలో దీన్ని ‘ఇతర అంశాలు’ కింద కాకుండా, విడిగా ఒక అంశంగా రాయమని కోరుతున్నాం.

ఇట్లు,
బజర్ పెట్టెలు కట్టే, హౌసీ టికెట్లు పంచే స్వచ్ఛంద కార్యకర్తలం